అడవికి వెళ్ళి ఏం వింటున్నాం?

(మన సంఘం సర్వసభ్య సమావేశంలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నాకు ఫోను చేసి, "డి.ఎ. బకాయిలు, మెడికల్ బిల్లులు తప్ప ఏ విషయమైనా మాట్లాడండి, అవి ఎలాగూ తర్వాత మాట్లాడుకుంటాం" అన్నారు. అడవులకూ అభయారణ్యాలకూ వెళ్ళిన మనుషులు అక్కడి చప్పుళ్ళను ఎలా వింటారు, దేన్ని ఇంపుగా తీసుకుంటారు, దేన్ని రొద అనుకుంటారు అనే సంగతి ఎంచుకున్నాను. ఇదేం విషయమండీ అని మీలో కొందరు అనుకోవచ్చు. దీని మీద ఏళ్ళ తరబడి పని చేసినవారున్నారు. వారు కనిపెట్టిన సంగతుల్లో కొన్ని మన వయసువాళ్ళకు బాగా పనికివస్తాయని నా అభిప్రాయం.

ముందుగా మన భాషను చూడండి. చీకట్లో పిల్లి నడిస్తే అలికిడి. ఎండుటాకుల మీద గాలి పోతే గలగల. ఏరు పారితే సవ్వడి. సముద్రానిది హోరు. బిందె కింద పడితే చప్పుడు. పెళ్ళి పందిట్లో సందడి. అదే పక్కింటివాళ్ళ పెళ్ళయి, రాత్రి పదకొండు దాటితే రొద! చెవికి తగిలే పరిమాణం ఒకటే కావచ్చు, పేరు మాత్రం మారిపోయింది. మన తాతముత్తాతలు చప్పుడును కొలిచి పేరు పెట్టలేదు. అది ఎవరిది, ఎప్పటిది, మనం అప్పుడు ఏం చేస్తున్నాం అనేది చూసి పెట్టారు. శాస్త్రజ్ఞులు చివరికి తేల్చినదీ ఇంచుమించు ఇదే.

నేను తంతి కార్యాలయంలో పని చేసినవాణ్ణని మీకు తెలుసు. మోర్సు రోజుల్లో ఇన్‌స్ట్రుమెంటు హాల్లో పది పన్నెండు సౌండర్లు ఒకేసారి టకటకలాడుతుంటే, కొత్తగా చేరినవాడికి రేకుల కప్పు మీద వడగళ్ళు పడ్డట్టుండేది. తలనొప్పితో ఇంటికి పోయేవాడు. ఆరు నెలలు గడిచాక అదే కుర్రవాడు ఆ గోలలోనే పక్కవాడితో కబుర్లు చెబుతూ, తన లైను మీద తన స్టేషను పిలుపు పడగానే టక్కున పెన్సిలు అందుకొనేవాడు. మా సీనియరు ఒకాయన సౌండరు వెనకాల ఖాళీ సిగరెట్టు డబ్బా ఒకటి ఆనించి పెట్టుకొనేవారు, తన సౌండరు మోత మిగతావాటిలో కలిసిపోకుండా. 2013 జూలైలో తంతి సర్వీసే మూతపడింది, ఆ విద్యా పోయింది. చెవి అన్నిటినీ వింటుంది గాని మనసు కొన్నిటినే అందుకుంటుంది అనే సంగతి మనలో ఆ పని చేసిన వాళ్ళకి ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు.

ఇక అసలు విషయానికి వస్తాను. మనలో చాలామందికి పిల్లలు అమెరికాలో ఉన్నారు. కాలిఫోర్నియాలో బిడ్డలున్న తల్లిదండ్రులు వెళితే చూపించే చోట్లలో మ్యూర్ వుడ్స్ ఒకటి. శాన్‌ఫ్రాన్సిస్కో ఊరు దాటి, గోల్డెన్ గేట్ వంతెన మీదుగా ఉత్తరానికి కొంత దూరం పోతే లోయలో ఉంటుంది. రెడ్‌వుడ్ చెట్ల అడవి. అక్కడి చెట్లలో ఎక్కువ భాగం అయిదారు వందల ఏళ్ళ పైబడినవి, అన్నింటికంటె పొడవైనది 250 అడుగులు దాటుతుంది. విలియం కెంట్ అనే ఆయన ఆ అడవి నరికివేతకు గురికాకుండా తాను కొన్న భూమిని ప్రభుత్వానికి దానమిస్తే, 1908 జనవరిలో అధ్యక్షుడు థియోడోర్ రూజ్‌వెల్టు దాన్ని జాతీయ స్మారకంగా ప్రకటించాడు. దానమిచ్చినాయన తన పేరు వద్దని, ప్రకృతి ప్రేమికుడు జాన్ మ్యూర్ పేరు పెట్టించాడు. మన దగ్గర బల్లకీ, ఫ్యానుకీ కూడా దాత పేరు రాయిస్తాం కనుక ఈ మాట చెబుతున్నాను, వేరే ఉద్దేశమేమీ లేదు.

మా అమ్మాయీ అల్లుడూ మమ్మల్ని అక్కడికి తీసుకువెళ్ళారు. పార్కింగు ముందుగా రిజర్వు చేసుకుంటేనే గాని కారు పెట్టనివ్వరు, 2018 నుంచి ఆ పద్ధతి పెట్టారు. సెల్ ఫోను అందదు. లోపల చెక్కల బాట మీద జనం బాగానే ఉన్నారు. మా ముందు నడుస్తున్న ఒక పెద్ద గుంపు మనవాళ్ళే. ఎవరి కొడుకు ఏ ఊళ్ళో ఇల్లు కొన్నాడు, ఎంతకి కొన్నాడు అనే చర్చ జోరుగా సాగుతోంది, మాకు ఒక్క అక్షరం కూడా తప్పకుండా వినిపిస్తోంది. కొంత దూరం పోయాక కెథీడ్రల్ గ్రోవ్ అనే చోటు వచ్చింది. అక్కడ ఒక చిన్న బోర్డు: ఇది నిశ్శబ్ద ప్రదేశం, దయచేసి మెల్లగా మాట్లాడండి అని దాని సారాంశం. పోలీసు లేడు, జరిమానా లేదు. ఆ గుంపులో ఒకావిడ బోర్డు చదివి, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, వెనక్కి తిరిగి సైగ చేసింది. అంతే, ఇళ్ళ ధరలు ఆగిపోయాయి. అప్పుడు గాని పక్కన సన్నటి ఏరు పారుతోందని మాకు తెలియలేదు. మా ఆవిడ, "ఇందాకటి నుంచీ ఇది ఉందా?" అంది.

ఆ చోటికి ఒక చరిత్ర కూడా ఉంది. 1945లో ఐక్యరాజ్యసమితిని స్థాపించడానికి దేశదేశాల ప్రతినిధులు శాన్‌ఫ్రాన్సిస్కోలో సమావేశమైనప్పుడు, కొద్ది రోజుల ముందే మరణించిన అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్టుకు ఆ చెట్ల మధ్యనే సంతాప సభ జరిపారు.

ఆ బోర్డు ఎవరో తోచి పెట్టింది కాదు. దాని వెనక పెద్ద పరిశోధనే జరిగింది. వెర్మాంట్ విశ్వవిద్యాలయానికి చెందిన రాబర్ట్ మానింగ్, అప్పట్లో కొలరాడో స్టేట్ విశ్వవిద్యాలయంలో ఉన్న పీటర్ న్యూమన్, వారి విద్యార్థులు, పార్కు సర్వీసువారు కలిసి చేశారు. మొదట వాళ్ళు చేసిన పని చాలా సులువైనది. సందర్శకుల్లో కొందరిని ఆపి, ఒక కాగితం చేతికిచ్చి, కాసేపు ఊరకే నిలబడి వినండి, విన్న చప్పుళ్ళకు టిక్కు పెట్టండి, ఏది బాగుంది, ఏది చిరాకు కలిగించింది గుర్తు పెట్టండి అన్నారు. నీరు, గాలి, పిట్టలు - ఇవి బాగున్నాయని అందరూ రాస్తారని ఎవరైనా ఊహించవచ్చు, అలాగే రాశారు. చిరాకు కలిగించిన వాటిలో విమానాలు, కార్లు ముందుంటాయని మనం అనుకుంటాం. కాదు. ముందున్నవి మనుషుల గొంతులు, అందులోనూ గుంపులుగా వచ్చి బిగ్గరగా మాట్లాడేవాళ్ళవి. అంటే సందర్శకుణ్ణి బాధపెట్టింది తోటి సందర్శకుడే.

తర్వాత ఇంకొక పరీక్ష చేశారు. ఆ అడవి చప్పుళ్ళతో చిన్న చిన్న టేపులు తయారుచేసి, ఒకదానికంటె ఒకదానిలో మనుషుల మాటల రొద పెంచుతూ వినిపించి, ఎంత వరకు మీకు సమ్మతం అని అడిగారు. అలా జనం ఎక్కడ ముఖం చిట్లిస్తారో దానికొక హద్దు తెలిసింది. ఈ ఫలితాలు 2009లో అచ్చయ్యాయి.

ఇక బోర్డుల సంగతి. కొన్ని రోజులు ఏ బోర్డూ లేకుండా వదిలేశారు. కొన్ని రోజులు కెథీడ్రల్ గ్రోవ్‌లో మాత్రం నిశ్శబ్ద ప్రదేశమని బోర్డులు పెట్టారు. మరికొన్ని రోజులు మొత్తం పార్కుకే ఈ రోజు నిశ్శబ్ద దినమని బోర్డులు పెట్టారు. యంత్రాలతో చప్పుడు కొలిచారు. బోర్డులున్న రోజుల్లో సుమారు 3 డెసిబెళ్ళు తగ్గింది. 2011లో ఈ సంగతి ప్రకటించారు.

మూడంటే మూడేనా అని అనుకుంటారేమో. డెసిబెల్ లెక్క కిలోల లెక్క, రూపాయల లెక్క లాంటిది కాదు. 10 డెసిబెళ్ళు పెరిగితే చప్పుడు శక్తి పది రెట్లు అవుతుంది, 3 పెరిగితే రెట్టింపు అవుతుంది. కనుక 3 తగ్గడమంటే సగం అయిందన్నమాట. నలుగురు మాట్లాడుతున్న చోట ఇద్దరు ఊరుకుంటే ఎంతో అంత. ఇంకో విధంగా చూడండి. మీకు 70 గజాల లోపల కూసిన పిట్ట మాత్రమే వినిపిస్తోందనుకుందాం. మీ చుట్టూ రొద 3 డెసిబెళ్ళు తగ్గితే దాదాపు 100 గజాల అవతల కూసిన పిట్టా వినిపిస్తుంది. 70 గజాల వలయం, 100 గజాల వలయం గీసి వైశాల్యం కట్టండి - రెట్టింపు. మన అకౌంట్సు మిత్రులు ఇప్పుడే వేలి మీద లెక్క వేస్తున్నారు, నాకు కనిపిస్తోంది. ఒక్క అట్టముక్క బోర్డుతో ప్రతి మనిషికీ వినగలిగిన అడవి రెట్టింపయింది. ఒక్క చెట్టు కొత్తగా నాటలేదు, ఒక్క ఎకరం కొనలేదు.

పైగా జనం కోపగించుకోలేదు. మా నోరు మూయిస్తారా అని ఎవరూ తిరగబడలేదు, అధిక సంఖ్యాకులు ఈ పద్ధతి బాగుందన్నారు. కొన్నేళ్ళ తర్వాత మరొక బృందం ఇదే అడవిలో ఒక వారం బోర్డులు పెట్టి, మరో వారం తీసేసి మళ్ళీ చూసింది. 2021లో వారి వ్యాసం వచ్చింది. బోర్డులున్న వారాల్లో వచ్చినవాళ్ళు ఎక్కువ పిట్టలు ఉన్నట్టు గ్రహించారు. నన్నడిగితే ఇందులో విశేషం ఒకటుంది. రెడ్‌వుడ్ బెరడులో పురుగులకు గిట్టని వగరు పదార్థం ఉంటుంది, అందుచేత పురుగులు తక్కువ, పురుగులు తక్కువ కనుక పిట్టలూ తక్కువే. ఉన్న నాలుగు కూతలూ ఇళ్ళ ధరల కింద పడి నలిగిపోతే ఆ అడవి మూగదని అనుకొని వచ్చేస్తాం.

కొలరాడోలో జరిగిన మరో ప్రయోగం నాకు నవ్వు తెప్పించింది, ఆలోచింపజేసింది కూడా. బౌల్డర్ అనే ఊరి దగ్గర కొండబాటల్లో, చెట్లలో ఎవరికీ కనపడకుండా స్పీకర్లు దాచిపెట్టారు. ఒక వారం వాటిలో రకరకాల పిట్టల కూతలు వేశారు, ఒక వారం ఆపేశారు. నడిచి వచ్చినవాళ్ళను చివర్లో మీకెలా ఉందని అడిగారు. పిట్టలు ఎక్కువగా ఉన్నాయని అనుకున్నవాళ్ళు మనసు హాయిగా ఉందన్నారు. 2020లో ఇది ప్రకటించారు. మైకు పెట్టి కూడా జనానికి హాయి కలిగించవచ్చని దీనివల్ల ఋజువైందని మా బావమరిది వాదన. మైకులో ఏం వేస్తున్నారన్నదే ప్రశ్న కదా బావా అని నేనన్నాను.

అమెరికావారు ఈ విషయానికి ఊరకే రాలేదు. ప్రాణాలు పోయాక వచ్చారు. గ్రాండ్ కాన్యన్ అనే మహా లోయ మీద విహార విమానాలు, హెలికాప్టర్లు విపరీతంగా తిరిగేవి. 1986 జూన్‌లో అక్కడ ఒక హెలికాప్టరూ ఒక చిన్న విమానమూ ఢీకొని 25 మంది చనిపోయారు. మరుసటి ఏడాదే పార్లమెంటులో చట్టం చేశారు. అది కేవలం భద్రత కోసం చేసిన చట్టం కాదు. ఆ లోయలో సహజమైన నిశ్శబ్దాన్ని తిరిగి నెలకొల్పాలని కూడా అందులో రాశారు. గాలి, నీరు, చెట్టు, జంతువు లాగే నిశ్శబ్దమూ కాపాడవలసిన ఆస్తే అని ఒక ప్రభుత్వం కాగితం మీద ఒప్పుకొంది. ఎంత నిశ్శబ్దమైతే చాలు అన్న దానికి కూడా ఒక కొలత పెట్టుకున్నారు: పార్కులో సగమో అంతకెక్కువో విస్తీర్ణంలో, పగటిపూట మూడు వంతుల కాలమైనా విమానం చప్పుడు వినపడకూడదు. దాన్ని సాధించడానికి కంపెనీలతో, కోర్టులతో ఎన్నో ఏళ్ళు గడిచిపోయాయి, అది వేరే కథ. ఒక సర్వేలో సందర్శకులను అడిగితే 91 శాతం మంది ప్రశాంతత, ప్రకృతి ధ్వనులు తాము పార్కులకు రావడానికి ముఖ్యమైన కారణాలని చెప్పారు. తీరా 2017లో ఆ దేశపు రక్షిత ప్రాంతాలన్నింటినీ లెక్కవేస్తే, 63 శాతం చోట్ల మనుషుల రొద వల్ల చప్పుడు సహజ స్థాయికి రెట్టింపయిందని తేలింది. వందకు 21 చోట్ల పది రెట్లో అంతకంటె ఎక్కువో అయింది.

మనిషి చెవికి ఇంకొక గుణముంది, ముందుగా చెబితే ఓర్చుకుంటుంది. సెకోయా జాతీయ వనం మీదుగా సైనిక విమానాలు పోతుంటాయి. ఇక్కడ విమానాల మోత వినపడవచ్చు, కారణం ఇది అని ముందుగానే సందర్శకులకు తెలియజేస్తే, అదే మోతను వాళ్ళు కొంత ఎక్కువగా సహించారని పరీక్షల్లో తేలింది. కరెంటు పోతుందని ముందు రోజు పేపర్లో వేస్తే మనకు అంత కోపం రాదు చూడండి, అలాగన్నమాట.

సరే, ఇదంతా అమెరికా వ్యవహారం. అక్కడ ఒంటరిగానో, ఇద్దరో ముగ్గురో వచ్చి చెట్టు కింద మౌనంగా నిలబడే అలవాటు ఉంది. మన పద్ధతి వేరు. మనం అడవికి గుంపుగా వెళతాం, సాధారణంగా దేవుడి కోసం వెళతాం. నల్లమలలో శివరాత్రికి శ్రీశైలం నడిచిపోయే భక్తులు శివనామం చెప్పుకుంటూ పోతారు. చైత్ర పౌర్ణమికి సలేశ్వరం లోయలోకి దిగేవాళ్ళూ అంతే. ఆ నామస్మరణ రొద అంటారా? నేననను. అది నడిచేవాడికి ఊతం, వెనకవాడికి దారి, చీకటి పడితే ధైర్యం. పైగా మనిషి గొంతు ఎంత పెద్దదైనా నడకతోపాటు సాగిపోతుంది. అదే దారిలో ఆటో మీద బాక్సులు కట్టి సినిమా బాణీల పాటలు పెడితే, అది భక్తుడి గొంతు కాదు, బ్యాటరీది. ఈ రెంటినీ ఒకే గాట కట్టడం నాకు ఇష్టం లేదు. ఈ విషయంలో మీలో కొందరికి నాతో అభిప్రాయభేదం ఉందని తెలుసు, అది ఉండనివ్వండి.

అడవిలో ఊరకే ఉండడం వల్ల లాభమేమిటని అడిగేవారికి ఒక్క మాట. ఫర్హాబాద్ వైపు సఫారీకి వెళ్ళినవారు గమనించే ఉంటారు, తెలిసిన డ్రైవరు మధ్యమధ్య ఇంజను ఆపేస్తాడు. పులి కనిపించడం కోసం కాదు, వినిపించడం కోసం. పులి చప్పుడు చెయ్యదు. దాన్ని చూసిన దుప్పి అరుస్తుంది, చెట్టు మీది కొండముచ్చు దగ్గినట్టు అరుస్తుంది. ఆ అరుపు ఎటు నుంచి వచ్చిందో జీపు అటు పోతుంది. ఆ అరుపులను మనకంటె ఎంతో ముందు అందుకోగలిగినవారు అక్కడి చెంచులు. జీపులో పిల్లలు కేకలు వేస్తుంటే టిక్కెట్టు డబ్బులు దండగే గదా.

మన చట్టం ఏం చెబుతోందో కూడా మనవి చేస్తాను. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నిబంధనల ప్రకారం ఆసుపత్రులు, విద్యాసంస్థలు, కోర్టుల వంటి వాటి చుట్టూ నిశ్శబ్ద మండలాలు ప్రకటించే వీలుంది. అక్కడ పగలు 50, రాత్రి 40 డెసిబెళ్ళు పరిమితి. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బయట లౌడ్‌స్పీకర్లు వాడరాదు. ఇవి ఊళ్ళను దృష్టిలో పెట్టుకొని రాసిన అంకెలు. గాలి లేని రాత్రి అడవిలో చప్పుడు 20, 30 డెసిబెళ్ళ దగ్గరే ఉంటుంది. అంటే మన ఊరి నిశ్శబ్దం అడవికి పెద్ద గోలే. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో, అభయారణ్యంలో జంతువులను వేధించరాదని ఉంది. బాక్సులు పెట్టి పాటలు వేస్తే వేధించినట్టా కాదా అనేది వకీళ్ళు తేల్చాలి, నెమలిని అడిగితే మాత్రం ఒక్క నిమిషంలో చెబుతుంది.

చట్టం కంటె ముందే నడిచిన ఊళ్ళూ మన పక్కన ఉన్నాయి. తమిళనాడులో శివగంగ జిల్లా వేట్టంగుడి పక్షుల అభయారణ్యం చుట్టుపక్కల పల్లెలవాళ్ళు, అక్కడికి గూళ్ళు కట్టుకోవడానికి వచ్చే కొంగల కోసం దశాబ్దాలుగా దీపావళికి టపాకాయలు కాల్చడం మానేశారు. పిల్లలకు టపాకాయలు లేని దీపావళి అంటే మాటలు కాదు. అటవీ శాఖవారు ఆ ఊళ్ళలో మిఠాయిలు పంచిపెడుతూ వచ్చారు.

2020లో లాక్‌డౌన్ రోజులు గుర్తున్నాయా? మార్చి, ఏప్రిల్ నెలల్లో మన హైదరాబాదులో పొద్దున్నే లేస్తే ఎక్కడలేని పిట్టలూ కూసేవి. కొత్తగా వచ్చాయని మనలో మనం చెప్పుకున్నాం. చాలావరకు అవి అంతకు ముందూ ఉన్నవే, మనకు వినపడేవి కావంతే. అదే సమయంలో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎలిజబెత్ డెరీబెరీ అనే శాస్త్రజ్ఞురాలి బృందం అక్కడి ఒక జాతి పిచ్చుకల పాటను పరీక్షించింది. రోడ్ల మీది రొద 1950ల నాటి స్థాయికి పడిపోయింది. పిచ్చుకలు గొంతు తగ్గించి మెల్లగా పాడాయి, అయినా వాటి పాట ఇదివరకటి కంటె రెట్టింపు దూరం వినిపించింది. అన్నాళ్ళూ పాపం అవి అరుస్తూ బతికాయన్నమాట. కె.బి.ఆర్. పార్కులో నడకకు వెళ్ళే మిత్రులు మనలో ఉన్నారు. అదీ జాతీయ వనమే. లోపలి బాటలో నెమలి అరుపు, ప్రహరీ అవతల హారన్లు. ఏది ఎక్కువసేపు వినపడిందో ఒక రోజు గడియారం పెట్టుకొని చూడండి.

ఇప్పుడు మన చెవుల గురించి, ఇది నాకు ముఖ్యమైన భాగం. వయసు మీదపడిన కొద్దీ చెవి ముందుగా పోగొట్టుకునేది సన్నని, ఎత్తయిన స్వరాలను. అందుకే మనకు మాట వినిపిస్తుంది గాని అర్థం కాదు. స, ష, ఫ లాంటి అక్షరాలు జారిపోతాయి, మనవలు విసుక్కుంటారు. ఆ వరసలోనే సన్నగొంతు పిట్టలు ఒక్కొక్కటీ మన లోకంలోంచి వెళ్ళిపోతాయి. కాకి ఉంటుంది. నెమలి ఉంటుంది. కంసాలి పిట్ట టుక్ టుక్ కూడా చాలాకాలం ఉంటుంది. చెట్టుకొమ్మల్లో సన్నగా కిచకిచలాడే చిన్నవి ముందు పోతాయి. అవి పోయాయని మనకు తెలియదు కూడా, ఈ మధ్య పిట్టలు రావడం లేదని అనుకుంటాం. గత ఏడాది నేను చెవి పరీక్ష చేయించుకుంటే, కుడి చెవిలో పైస్వరాలు బాగా తగ్గాయని గీత గీసి చూపించారు. యంత్రం పెట్టుకున్నాను. మీలో యంత్రం పెట్టుకున్నవారికి తెలుసు, అది మంచినీ చెడునూ విడదీయలేదు. పిట్టతోపాటు జనరేటరునూ పెంచి చెవిలో పోస్తుంది. రొద ఉన్న చోట యంత్రం తీసి జేబులో వేసుకొని కూర్చోవడం తప్ప దారి లేదు. మన సంఘంలో ఇలా జేబులో వేసుకొని కూర్చునేవారిని సమావేశాల్లోనే అరడజను మందిని లెక్కపెట్టాను. వాళ్ళు ప్రసంగాలు నచ్చక తీశారని అనుకోవద్దు. ఆ కారణం కూడా కొంత ఉండవచ్చు.

అందుచేత కార్తీక వనభోజనాల విషయమై ఒక ప్రతిపాదన చేస్తున్నాను. ఈసారి మనం పోయేది అడవిని ఆనుకొని ఉన్న ఉసిరి తోటకు. సర్క్యులరులో మైకు సెట్టు, రెండు బాక్సులు, జనరేటరు అని అయిదో అంశంగా ఉంది. దానికి ఇంకా అడ్వాన్సు ఇవ్వలేదని కోశాధికారిగారు చెప్పారు. పొద్దున్న దిగినది మొదలు భోజనాల వరకు మైకు లేకుండా ఉందామని నా మనవి. పాటలు వద్దని అనడం లేదు. మహిళా సభ్యులు ఉసిరి చెట్టు కింద పూజ చేసుకొని పాటలు పాడతారు, అవి గొంతుతోనే పాడనివ్వండి, మనం దగ్గరగా కూర్చుందాం. కార్తీక పురాణం చదివేటప్పుడు చెవి మందమైనవారికి ఇబ్బంది గనుక బ్యాటరీతో నడిచే చిన్న చేతి మైకు ఒకటి చాలు, వారిని ముందు వరుసలో కూర్చోబెడదాం. హౌసీ ఆటకు నంబర్లు చెప్పడానికి మైకు కావాలని యువజన విభాగం, అంటే అరవై అయిదు దాటనివారు, అడుగుతున్నారు. భోజనాల తర్వాత వాళ్ళకూ ఆ చేతి మైకే ఇద్దాం. జనరేటరు కిరాయి మిగులుతుంది, ఆ డబ్బుతో పూర్ణాలు వేయించవచ్చునని వంట కమిటీవారు ఇప్పటికే ఒక లెక్క వేశారు.

ఇంకొకటి. బస్సు దిగిన వెంటనే పావుగంట సేపు, కాఫీ కంటె ముందు, మ్యూర్ వుడ్స్‌లో చేసినట్టే చేద్దాం. ఒక్కొక్కరికీ ఒక కాగితం ఇస్తాం. తోటలో ఎక్కడో ఒక చోట ఎవరికి వారు కూర్చొని, విన్నవన్నీ రాయాలి. పక్కన బాగుంది, బాగాలేదు, ఏమీ అనిపించలేదు అని మూడు గళ్ళు ఉంటాయి. పిట్ట పేరు తెలియకపోతే అది ఎలా కూసిందో రాయండి చాలు. మనవలను తెచ్చినవారు వారికీ ఒక కాగితం ఇప్పించండి. మనకు వినపడనివి వాళ్ళకు వినపడతాయి, రెండు జాబితాలూ పక్కపక్కన పెట్టి వచ్చే సంచికలో వేద్దామని సంపాదకులవారు ఒప్పుకున్నారు. కాగితాలు నేను జిరాక్సు తీయించి తెస్తాను. పెన్సిళ్ళు మాత్రం ఎవరివి వారు తెచ్చుకోవాలి.